వంటింటికి ఫామ్‌హౌస్ సింకు: గ్రానైట్ కోయించక ముందే తేల్చుకోవలసినవి

వంటిల్లు మళ్లీ కట్టించుకునేవాళ్లు చాలామంది ముందు క్యాబినెట్ రంగు చూసుకుంటారు, తర్వాత గ్రానైట్ చూసుకుంటారు, అన్నీ అయ్యాక ఒక ఆదివారం సాయంత్రం వెళ్లి సింకు కొనుక్కొస్తారు. మామూలు సింకుకైతే ఈ వరస నడుస్తుంది. గట్టుకు కన్నం కోసి కింది నుంచి అతికిస్తే పని అయిపోతుంది. ఫామ్‌హౌస్ సింకుకు ఇది కుదరదు. దాని ముందు గోడ గట్టులోంచి బయటికి వచ్చి మనకు కనిపిస్తూ ఉంటుంది. అంటే ఆ చోట గట్టుకు ముందు అంచే ఉండదు, కింద తలుపులు పొట్టివవుతాయి, బరువంతా కింద కట్టిన దాని మీద పడుతుంది. అందుకే ముందు సింకు, తర్వాత వడ్రంగి, ఆ తర్వాతే గ్రానైట్.

మా ఇంట్లో ఈ వరస తప్పింది. బెంగళూరు రామమూర్తినగర్‌లో పదిహేనేళ్ల నాటి ఫ్లాట్ మాది. వంటిల్లు మొత్తం తీసేసి కొత్తగా చేయించుకుంటూ తెల్లటి ఫైర్‌క్లే సింకు ఆర్డర్ పెట్టాం. రావడానికి ఐదు వారాలన్నారు. గ్రానైట్ పనివాళ్లు మాత్రం అప్పటికే వచ్చి కూర్చున్నారు. కాగితం మీద వెడల్పు 762 మి.మీ. అని రాసుంది కదా అని ఆ కొలతకే కోయించేశాం. వచ్చిన సింకు 750 ఉంది. పైగా ఒక పక్క కాస్త వంకర. ఫైర్‌క్లే అంటే మట్టిని కాల్చి చేసేది. బట్టీలో దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలేటప్పుడు అది కుంచించుకుపోతుంది, ఏ రెండూ అచ్చం ఒకేలా రావు. రెండు శాతం దాకా తేడా ఉండటం దాని స్వభావం. ఆ మాట కొట్టులో ఎవరూ చెప్పలేదు. ఇరుపక్కలా మిగిలిన సందుల్లో సిలికాన్ నింపారు. ఆరు నెలలకు ఆ సిలికాన్ నల్లబడి, పాచి పట్టి, చివరికి ఆ పలకే తీయించి కొత్తది వేయించాం. మీకు ఆ ఖర్చు, ఆ విసుగు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు: అంట్లు ఎక్కడ తోముతారో తేల్చుకోండి

బెంగళూరు ఫ్లాట్లలో వంటింటి వెనక యుటిలిటీ అని ఒక చిన్న బాల్కనీ ఉంటుంది. చాలా ఇళ్లలో అంట్లు పడేది అక్కడే, పనమ్మాయి వచ్చి తోమేది అక్కడే. మీ ఇంట్లోనూ అంతే అయితే, లోపలి సింకులోకి వచ్చేవి కూరగాయలు, కాఫీ గ్లాసులు, చేతులు కడిగిన నీళ్లు. దానికి 24 అంగుళాల సింకు చాలు, రంగు మీ ఇష్టం. మాకు యుటిలిటీలో వాషింగ్ మెషీను, గ్యాస్ బండలు పోగా చోటు మిగల్లేదు. మూడు పూటల అంట్లూ వంటింట్లోనే. ఈ రెండు ఇళ్లకూ ఒకే సింకు పనికిరాదు.

వాస్తు చూసుకునేవాళ్లు పొయ్యి ఆగ్నేయానికీ, నీళ్లు ఈశాన్యం వైపుకీ పెట్టుకుంటారు. పట్టింపు లేనివాళ్లు కూడా పొయ్యికీ సింకుకూ మధ్య కనీసం రెండడుగుల గట్టు వదలండి. కాగే నూనె పక్కన నీళ్లు చిందడం మంచిది కాదు. తరిగిన కూరగాయల పళ్లెం పెట్టుకోవడానికీ ఆ జాగా కావాలి.

సుద్దముక్క, టేపు, ఇంట్లో పెద్ద గిన్నెలు

షోరూముకు వెళ్లే ముందు ఇంట్లో ఈ ఒక్క పనీ చేయండి. నేల మీద సుద్దముక్కతో 30 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోపలికి ఒక గడి గీయండి. దాని లోపల గోడల మందం కింద ప్రతి పక్కా ఒక అంగుళం వదిలి ఇంకో గడి గీయండి. మనకు మిగిలేది ఆ లోపలి గడే. కాగితం మీద రాసేది ఎప్పుడూ బయటి కొలత. ఇప్పుడు అటకమీది గిన్నెలన్నీ దించండి. పది లీటర్ల కుక్కరు, ఇడ్లీ పాత్ర, గారెలు వేసే మూకుడు, పండక్కి తీసే డేక్సా. ఒక్కొక్కటే ఆ గడిలో పడుకోబెట్టి చూడండి, తోమేటప్పుడు గిన్నె ఉండేది అలాగే కాబట్టి.

మా అత్తయ్య డేక్సా తెచ్చి పెట్టారు. పట్టింది. దాన్ని తిప్పబోతే చెవి గీతకు తగిలింది. "తిప్పకుండా ఎలా తోముతావే?" అన్నారు. రెండు తొట్ల సింకు ఆలోచన అక్కడితో పోయింది. మధ్యలో అడ్డుగోడ ఉన్న 33 అంగుళాల సింకులో ఒక్కో తొట్టి 15 అంగుళాలు మించదు, అందులో మన మూకుడు తిరగదు. కనుక మన వంటకు ఒకే పెద్ద తొట్టి ఉన్నదే మేలు. కడిగినవి ఆరబెట్టుకునే బుట్ట పక్కన గట్టు మీద పెట్టుకోవచ్చు.

లోతు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ సింకులు 8 నుంచి 10 అంగుళాల లోతు ఉంటాయి. మన గట్టు మామూలుగా 33, 34 అంగుళాల ఎత్తు. పది అంగుళాల లోతైతే తొట్టి అడుగు నేలనుంచి 24 అంగుళాల దగ్గరికి దిగుతుంది, దాదాపు మోకాలికి కాస్త పైన. స్టూలు మీద పుస్తకాలు పేర్చి, దానిపైన వెడల్పాటి టబ్బు పెట్టి, టబ్బు అడుగు ఆ ఎత్తుకు వచ్చేలా చూసుకుని, ఇంట్లో రోజూ తోమే మనిషి చేత పది పళ్లేలు కడిగించి చూడండి. మా ఇంట్లో పనిచేసే అక్క నాలుగో పళ్లేనికే నడుం పట్టుకుని నిలబడింది. అడుగు రెండంగుళాలు పైకి లేపితే పదీ హాయిగా అయ్యాయి. అందుకని మేము ఎనిమిదిన్నర అంగుళాల లోతు తీసుకుని, గట్టును ఒక అంగుళం ఎత్తించాం. సింకు ముందు గంటసేపు నిలబడేది ఎవరో వాళ్ల మాటే ఇందులో చివరి మాట కావాలి.

ఫామ్‌హౌస్ సింకులో నాకు నిజంగా నచ్చిన సుఖం కూడా ఇక్కడే ఉంది. మామూలు సింకులో మనకూ తొట్టికీ మధ్య మూడు నాలుగంగుళాల గ్రానైట్ అంచు అడ్డుంటుంది, దాని మీంచి వంగాలి. ఇందులో పొట్ట సింకు గోడకే ఆనుతుంది, చేతులు నేరుగా లోపలికి పోతాయి. చీర తడవడం కూడా తగ్గింది.

మీ కుళాయి నీళ్లను ఒకసారి ఆరబెట్టి చూడండి

ఒక నల్ల గ్రానైట్ ముక్క మీద మీ కుళాయి నీళ్లు చెంచాడు పోసి ఎండలో వదిలేయండి. ఆరాక లేత మచ్చ మాత్రమే మిగిలితే మీకు వచ్చేది కావేరి నీళ్లలాంటి మెత్తటి నీళ్లు. సున్నం వేసినట్టు తెల్లటి వలయం మిగిలితే బోరు నీళ్లో, ట్యాంకరు నీళ్లో. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలయ్యాక ఊరి అంచు పేటలకూ ఆ నీళ్లు రావడం మొదలైంది గాని, చాలా అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ సంపులో రెండూ కలిసిపోతాయి. ఆ వలయం రేపు మీ సింకు మీద రోజూ పడుతుంది. ఉప్పునీళ్ల ఇంట్లో నల్లటి సింకు పెట్టుకుంటే రోజూ తుడిచే ఓపిక ఉండాలి. తెల్లటి దాని మీద ఆ పొర కనిపించదు గాని పేరుకుంటుంది. వారానికోసారి నిమ్మచెక్కతోనో, నీళ్లు కలిపిన వెనిగర్‌తోనో రుద్ది వెంటనే కడిగేయాలి.

ఏ రకం?

ఫైర్‌క్లే చూడటానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది. బ్రిటన్‌లో బెల్‌ఫాస్ట్ సింకు అని పిలిచే పాత తెల్లతొట్టి ఈ జాతిదే. పైన గాజులాంటి పూత ఉంటుంది కాబట్టి పసుపు, చింతపండు, ఆవకాయ నూనె లోపలికి ఇంకవు. పసుపు మరక పడినా వంటసోడా ముద్ద పావుగంట ఉంచితే పోతుంది. దీనికి రెండు ఇబ్బందులున్నాయి. స్టీలు గిన్నెలు, ముఖ్యంగా అల్యూమినియం మూకుళ్లు రాసుకున్న చోట పెన్సిలు గీతల్లా బూడిదరంగు చారలు పడతాయి. అవి పూత మీద అంటిన లోహమే, గీతలు కావు, సోడాతో రుద్దితే పోతాయి. మొదటి వారం వాటిని చూసి నేను కంగారుపడ్డాను. రెండోది, అది గట్టిదే గాని పెళుసు. గాజు గ్లాసు జారితే గ్లాసు బతకదు, ఇనప రోకలి పడితే సింకు పూత పెచ్చు లేస్తుంది. మరిగే గంజి వంచేటప్పుడు కుళాయి కాస్త తిప్పి చన్నీళ్లతో కలిసిపోయేలా వంచండి, ఒక్కసారిగా వేడి తగిలితే పూతలో సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి.

పోత ఇనుము మీద ఎనామిల్ పూసినవి ఇంకా బరువు. పెచ్చు లేచిన చోట తుప్పు పడుతుంది. మన ఇళ్లలో గిన్నెలు పడే జోరుకు నేను వాటిని సిఫారసు చేయను.

స్టీలు మీద చాలామందికి చిన్నచూపు. రోజుకు మూడు పూటల అంట్లు పడే ఇంటికి నా ఓటు దానికే. ముందు గోడ ఉన్న స్టీలు సింకులు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. తేలిక, పగలదు, కొలత మిల్లీమీటరు తప్పదు. 304 రకం అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకగా వచ్చే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ఉప్పునీళ్లకు అది త్వరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూపించి "అంటలేదు చూడండి, 304" అంటారు. నమ్మకండి, 202 కూడా అంటదు. రకం బిల్లు మీద రాయించుకోండి. మందం 16 గేజి అంటే సుమారు ఒకటిన్నర మి.మీ., 18 గేజి అంటే 1.2 మి.మీ. సంఖ్య తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. అడుగున రబ్బరు పట్టీలున్నాయో లేదో వంగి చూసి, వేలితో కొట్టండి. డబ్బా మోగినట్టు మోగితే ఇంట్లో ప్రతి చెంచా చప్పుడూ హాలులోకి వినిపిస్తుంది.

క్వార్ట్జ్ సింకులంటే రాతిపొడిని రెజిన్‌తో కలిపి పోసినవి. చప్పుడు చేయవు, దెబ్బకు ఓర్చుకుంటాయి. బూడిదరంగు తీసుకుంటే ఉప్పునీళ్ల పొర, పసుపు రెండూ అంతగా కనిపించవు. తెల్ల క్వార్ట్జ్ మాత్రం మన వంటకు వద్దు, ఫైర్‌క్లేలా దానికి గాజుపూత ఉండదు, పసుపు పట్టేస్తుంది.

రాగి సింకులు ఫోటోల్లో చూసి మనసు పడేవాళ్లుంటారు. చింతపండు పెట్టి రాగిచెంబు తోమితే ఎలా తళతళలాడుతుందో మీకు తెలుసు. పులుసు గిన్నె కడిగిన ప్రతిసారీ సింకులో ఆ మేరకు అదే జరుగుతుంది. ఒకచోట ఎర్రగా మెరుపు, పక్కన నలుపు. అది ఇష్టమైతేనే కొనండి. పాలరాయి అసలు వద్దు, నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు చచ్చిపోతుంది.

షోరూములో

ఒక గ్లాసుడు నీళ్లు అడిగి సింకులో మూలకు పోయండి. నీళ్లన్నీ జాలీ వైపు నడవాలి. మధ్యలో మడుగు కట్టితే రేపు ఆ మడుగంతా తెల్లపొరే. మూలలో బొటనవేలు పెట్టి రుద్ది చూడండి. పలకలా నిటారు మూలలున్న సింకు చూడ్డానికి బాగుంటుంది గాని, మెతుకు ఇరుక్కుంటే గోరుతో తీయాలి. మూల కాస్తయినా గుండ్రంగా ఉండాలి. జాలీ కన్నం మధ్యలో కాక వెనక్కి ఉంటే కింద క్యాబినెట్‌లో చెత్తబుట్టకు చోటు మిగులుతుంది. ఫైర్‌క్లే అయితే పైఅంచు మీద పొడుగాటి స్కేలు నిలబెట్టి వంకర చూడండి. ఆపైన కుండ కొన్నట్టే, వేలిమడతతో కొట్టి చెవి ఒగ్గండి. ఖణేల్‌మంటే సరే, బొంగురుగా పలికితే లోపల పగులుంది. ఇంటికి వచ్చాక పెట్టె విప్పేటప్పుడు డెలివరీ మనిషి ముందే ఇదంతా మళ్లీ చేయండి.

ప్లంబరుతో లెక్క

ఇది చాలామంది మరిచిపోయే లెక్క. గట్టు 34 అంగుళాలు. సింకు లోతు 10 పోతే 24. అడుగు మందం, జాలీ, దాని కింది కప్లింగు కలిపి ఒక నాలుగు పోతే 20. ట్రాపు (వాసన రాకుండా నీళ్లు నిలిపే వంపు పైపు) బయటికి తిరిగే చోటు ఇంకో మూడు కింద, అంటే 17. మీ గోడలో పాత వేస్టు పైపు నోరు 18 అంగుళాల ఎత్తులో ఉంటే నీళ్లు ఎక్కవు, నిలిచిపోతాయి. కాబట్టి గోడలో పైపు ఎత్తు కొలిచాకే సింకు లోతు ఖాయం చేయండి. పైపు కిందికి దించాలంటే టైల్సు వేయక ముందే గోడ తవ్వించాలి. నేలలోకే పోయే పైపైతే ఈ బాధ లేదు. పైపును వేరే గోడకు మార్చాలనుకుంటే ముందు అసోసియేషన్‌ను అడగండి, కింది ఫ్లాటు వాళ్ల సీలింగు తడిస్తే మాట పడేది మీరే. చెత్త రుబ్బే యంత్రం పెట్టుకుంటే, ఫైర్‌క్లే అడుగు మందం కాబట్టి పొడుగాటి ఫ్లాంజి (యంత్రాన్ని సింకు కన్నానికి బిగించే ముక్క) అవసరమవుతుందని ప్లంబరుకు ముందే చెప్పండి.

కుళాయి గోడకు ఉండటమే మేలు. ఫామ్‌హౌస్ సింకు పెట్టాక వెనక మిగిలే గ్రానైట్ మూడు నాలుగంగుళాల పట్టీ మాత్రమే, దానికి కన్నం పొడిస్తే అది మరీ బలహీనపడుతుంది. కుళాయి ముక్కు సింకు మధ్యదాకా రావాలి, డేక్సా నిలబెట్టినా దానికీ ముక్కుకీ మధ్య ఖాళీ ఉండాలి. ముక్కుకు ఏరేటరు, అంటే ధారలో గాలి కలిపే చిన్న జల్లెడ, పెట్టించండి. 2024 వేసవిలో నీళ్లకు కటకటలాడినప్పుడు బెంగళూరు జలమండలి పెట్టమన్నది వాటినే. లోతు సింకులో ధార చిందకుండా కూడా అది కాపాడుతుంది.

వడ్రంగి: బరువు దేనిమీద?

30 అంగుళాల ఫైర్‌క్లే సింకు యాభై కిలోల దాకా తూగుతుంది. లోపల 28, 16, 9 అంగుళాల కొలతకు నిండా నీళ్లు పడితే 66 లీటర్లు, అంటే ఇంకో 66 కిలోలు. ఆపైన అంట్లు. ఈ బరువు గ్రానైట్‌కు వేలాడకూడదు, సిలికాన్ మీద నిలబడకూడదు. మా ఇంట్లో సింకుకు ఇరుపక్కలా కడపరాయి పలకలు నిలువుగా నిలబెట్టి, వాటి మీద ఇనప చట్రం వేసి, చట్రం మీద సింకు కూర్చోబెట్టాం. పాత వంటిళ్లలో గట్టు మోసేది ఆ కడపరాళ్లే, తడికి ఉబ్బవు, చెదపట్టవు. ప్లైవుడ్ క్యాబినెట్ అయితే తడికి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం, 18 మి.మీ. మందం, అడ్డంగా చట్రం తప్పనిసరి. స్టీలు సింకుకు ఇంత హంగామా అక్కర్లేదు.

సింకు ముందు గోడ క్యాబినెట్ తలుపులకంటే అర అంగుళం బయటికి ఉండేలా కూర్చోబెట్టించండి. అప్పుడు కారిన నీళ్లు నేల మీద పడతాయి, తలుపుల అంచుల్లోకి ఇంకవు.

గ్రానైట్

సింకు చట్రం మీద కూర్చుని, మట్టం చూశాక, అసలు సింకు మీద అట్ట పెట్టి అంచు గీయించండి. ఆ అట్టే కొలత. ఊరి పక్కన గ్రానైట్ దొరికే జిగణికి పలక చూడ్డానికి వెళ్లినా, కోత మాత్రం ఆ అట్ట చేతికి వచ్చాకే. గ్రానైట్ అంచు సింకు లోపలికి ఒక మూడు మి.మీ. వచ్చేలా కోయమనండి, గట్టు తుడిచిన నీళ్లు నేరుగా సింకులో పడతాయి. అంతకంటే లోపలికి వస్తే కింద కనిపించని అంచులో జిడ్డు పేరుకుంటుంది. వెనక పట్టీని విడి ముక్కగా వేయించండి. ఒకే పలకలో యు ఆకారం కోస్తే, మెట్లెక్కించేటప్పుడే విరిగే ప్రమాదం ఉంది.

చివరి రెండు రోజులు

టైల్సు పని అయ్యాక సిమెంటు మరకలకు యాసిడ్ కొడతారు. ఆ ఆవిరి తగిలితే కొత్త స్టీలు సింకు ఒక్క రాత్రిలో తుప్పు చుక్కలు పడుతుంది, కుళాయి మెరుపూ పోతుంది. యాసిడ్ పని పూర్తిగా అయి, ఇల్లు కడిగి, కిటికీలు ఒక రోజు తెరిచి ఉంచాకే స్టీలు సింకును లోపలికి తేనివ్వండి. గ్రానైట్ కొలత కోసం ముందే కూర్చోబెట్టి ఉంటే, కొలత తీశాక బయటికి తీసి వేరే గదిలో పెట్టించండి. ఫైర్‌క్లే అయితే మందపాటి దుప్పటి కప్పి, పైన ప్లైవుడ్ పెట్టండి, ఎవరో ఒకరు అందులో సుత్తి పెడతారు.

అంచుకు బూజు పట్టని రకం సిలికానే వాడించండి, 24 గంటలు తడి తగలనివ్వకండి. తర్వాత జాలీ మూసి, సింకు అంచుదాకా నీళ్లు నింపి ఒక గంట ఉంచండి. కింద ట్రాపు చుట్టూ పాత పేపర్లు పరవండి. గంటయ్యాక మూత ఒక్కసారిగా తీసేయండి, కీళ్లు కారేది ఎక్కువగా ఆ జోరులోనే. పేపర్లు రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్నే చూడండి. ఎక్కడ తడి మరక ఉందో ఆ కీలు బిగించమని ప్లంబరుకు చూపించి, అది ఆరాకే మిగిలిన డబ్బులు ఇవ్వండి.